చాప్లిన్‌ను మొదటి రీలు నుంచి చూడటం ఎలా?

చాప్లిన్ పేరు వినని తెలుగువారు అరుదు. ఆయన మొదటి సినిమా చూసినవారు అంతకంటే అరుదు. బౌలర్ టోపీ, చేతికర్ర, ముక్కు కింద చిటికెడు మీసం, యంత్రం పళ్లచక్రాల మధ్య చిక్కుకున్న కార్మికుడు. మన పరిచయం సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

నేను పరిషత్తు నాటకాలకు దర్శకత్వం చేస్తాను. మా బృందంలో కొత్తగా చేరి హాస్య పాత్ర కావాలని అడిగే పిల్లలకు ముందు స్క్రిప్టు ఇవ్వను. చాప్లిన్ 1914 నుంచి 1917 వరకు తీసిన సినిమాల్లో తొమ్మిదింటి పేర్లు రాసిచ్చి, ఎలా చూడాలో చెప్పి పంపిస్తాను. ఎలా చూడాలో చెప్పకుండా పంపితే పది నిమిషాల్లో విసుగొచ్చి వదిలేస్తారు. ఆ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. తొమ్మిదీ కలిపి సుమారు మూడు గంటలు. ఒకే రాత్రి కూర్చుని చూసేయకండి, మూడు నాలుగు సాయంత్రాలకు పంచుకోండి.

చూస్తున్నంతసేపూ ఒక ప్రశ్న మనసులో పెట్టుకోవాలి. లండన్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఈ హాస్యనటుడు దర్శకుడు ఎందుకయ్యాడు? ప్రతిభ అంటారు కొందరు, డబ్బు అంటారు మరికొందరు. నా మట్టుకు నాకు తోచిన జవాబు వేరు. తన హాస్యాన్ని ఎడిటర్ కత్తెర నుంచి కాపాడుకోవడానికి దర్శకుడయ్యాడు. ఈ సినిమాలను వరుసలో చూస్తే ఆ తగువు తెరమీదే కనిపిస్తుంది.

కూర్చునే ముందు

ముందు మంచి కాపీ వెతుక్కోండి. ఈ సినిమాలను వందేళ్లలో ఎందరో అమ్ముకున్నారు, కత్తిరించారు, పేర్లు మార్చారు, కింద పిచ్చి సంగీతం అతికించారు. చాప్లిన్ మొదట పనిచేసిన కీస్టోన్ కంపెనీ కాలం నాటి సినిమాలకు 2010 నాటికి మంచి పునరుద్ధరణ జరిగింది, తర్వాతి వాటికీ జరిగింది. ఇటలీలోని బొలోన్యా సినిమా భాండాగారం, పారిస్‌లోని లాబ్‌స్టర్ ఫిల్మ్స్ ఆ పని చేశాయి. పునరుద్ధరించిన కాపీ దొరకకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి: నటుడు నిలబడినప్పుడు బూట్లు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే ఆ కాపీ వద్దు. చాప్లిన్ సగం నటన మోకాళ్ల కిందే ఉంటుంది.

తర్వాత వేగం. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 18 ఫ్రేములు పడేవి. వాటిని 24 ఫ్రేముల లెక్కన ఆడించేసరికి మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా ఉరుకుతారు. మీ కాపీలో నడకలు అలా కనిపిస్తే ప్లేయరులో వేగాన్ని ముప్పావు వంతుకు తగ్గించండి. చాప్లిన్ ఆగే క్షణాలు అప్పుడు దొరుకుతాయి. నవ్వు పుట్టేది ఉరకడంలో కాదు, ఆగడంలో.

శబ్దం పూర్తిగా ఆపేయండి. మొదటిసారి చూసేటప్పుడు ఎవరో తరువాత చేర్చిన పియానో ఎక్కడ నవ్వాలో మీకు చెప్పకూడదు.

ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, పేజీని నిలువుగా రెండు చేసి ఒకవైపు ‘రాక’, రెండోవైపు ‘పోక’ అని రాయండి. చాప్లిన్ ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా ఏం చేస్తూ వచ్చాడో, వెళ్లినప్పుడల్లా ఏం చేస్తూ వెళ్లాడో రెండు మూడు మాటల్లో రాసుకోవాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

తెలిసి ఉండాల్సిన జీవితం, కొద్దిగా

జీవితచరిత్ర అంతా ముందే చదివేయకండి. బాల్యంలోని దుఃఖం తెలిసిపోతే ప్రతి షాటులోనూ కన్నీళ్లు వెతకడం మొదలుపెడతాం. ఈ మాత్రం తెలిస్తే చాలు.

1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టాడు. తల్లి హానా, తండ్రి చార్లెస్, ఇద్దరూ మ్యూజిక్ హాల్ గాయకులు. మ్యూజిక్ హాలంటే జనం తాగుతూ, కేకలేస్తూ కూర్చుంటే వేదిక మీద పాటలు, గారడీలు, ప్రహసనాలు ఒకదాని వెంట ఒకటి నడిచే చోటు. 1894లో ఆల్డర్‌షాట్‌లో, ఎక్కువగా సైనికులు వచ్చే ఒక హాలులో, తల్లి గొంతు పాట మధ్యలో పగిలిపోయింది. జనం ఎగతాళి చేశారు. మేనేజరు అయిదేళ్ల చార్లీని చెయ్యి పట్టుకుని వేదిక మీదకు తెచ్చి వదిలేశాడు. పిల్లవాడు పాట అందుకోగానే నాణేలు వచ్చి పడ్డాయి. పాట ఆపి, ముందు ఇవి ఏరుకుని తర్వాత పాడతానని ప్రకటించాడు. జనం పగలబడి నవ్వారు. మేనేజరు చేతిరుమాలుతో సాయానికి వచ్చి ఏరడం మొదలుపెట్టగానే ఆ డబ్బు ఆయనే ఉంచేసుకుంటాడేమోనని పిల్లవాడికి భయం పట్టుకుంది. తల్లి చేతిలో పడేదాకా మేనేజరు వెంటే నడిచాడు. దానికి ఇంకా నవ్వారు. ఈ సంగతి ఆయనే 1964లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. నటించకుండా, నిజంగా ఆందోళన పడుతున్న మనిషిని చూసి జనం నవ్వడం ఆ పిల్లవాడు అనుభవించిన మొదటి పాఠం. మా పిల్లలకు నేను ఇదొక్కటీ కథలా చెబుతాను, మిగతా బాల్యాన్ని చెప్పను.

మిగతాది క్లుప్తంగా: ఏడేళ్లకు లాంబెత్‌లోని పేదల శ్రమాలయం, ఆపై హాన్‌వెల్‌లోని పేద పిల్లల బడి. 1898లో తల్లికి మతి చలించి ఆసుపత్రి పాలైంది. 1901లో తండ్రి తాగుడుతో పోయాడు. ఈలోగా చెక్కబూట్ల నాట్యం చేసే బాలుర బృందంలో చేరాడు. 1903లో షెర్లాక్ హోమ్స్ నాటకంలో బిల్లీ అనే పనికుర్రాడి వేషం దొరికింది. 1908లో అన్న సిడ్నీ చొరవతో ఫ్రెడ్ కార్నో కంపెనీలో ప్రవేశించాడు.

కార్నో దగ్గర కాసేపు ఆగాలి. ఆయన కంపెనీ మూకాభినయ ప్రహసనాలకు పేరుపొందింది. ‘మమింగ్ బర్డ్స్’ అనే ప్రహసనంలో వేదిక మీద ఇంకో వేదిక కట్టేవారు. పక్కనున్న బాక్సులో కూర్చున్న తాగుబోతు పెద్దమనిషి ప్రదర్శన మొత్తాన్ని పాడుచేస్తాడు. ఆ వేషం చాప్లిన్‌ది. చేతి తొడుగు తీసి, సేవకుడికి చిల్లర ఇచ్చి, మళ్లీ అదే వట్టి చేతి నుంచి తొడుగు తీయబోతాడు. చుట్టను విద్యుత్ దీపానికి తగిలించి అంటించుకోబోతాడు. ఎదురు బాక్సులోంచి ఎవరో అగ్గిపుల్ల చాపితే ఎంతో హుందాగా ముందుకు వంగి, అంతే హుందాగా కింద పడతాడు. ఆ హుందాతనాన్ని గుర్తుంచుకోండి.

1910లో ఈ కంపెనీతోనే అట్లాంటిక్ దాటి క్వీబెక్‌లో దిగాడు. అదే ఓడలో, అదే బృందంలో, తర్వాత లారెల్-హార్డీ జంటలో స్టాన్ లారెల్‌గా పేరొందిన కుర్రాడూ ఉన్నాడు. 1912లో రెండో పర్యటన. 1913లో ఫిలడెల్ఫియాలో ఉండగా కంపెనీ మేనేజరుకు న్యూయార్క్ నుంచి ఒక తంతి వచ్చింది: మీ దగ్గర ‘చాఫిన్’ లాంటి పేరున్నవాడు ఎవరైనా ఉన్నారా? పంపినవారు లాయర్లై ఉంటారనీ, న్యూయార్క్‌లోని దూరపు బంధువు ఆస్తేదో తనకు వదిలిపోయి ఉంటుందనీ ఆశపడి వెళ్లాడు. తీరా చూస్తే సినిమావాళ్లు. కీస్టోన్ కంపెనీ వారానికి 150 డాలర్లు ఇస్తానంది.

మొదటి సాయంత్రం: కత్తెర

మొదట ‘మేకింగ్ ఎ లివింగ్’ పెట్టండి. 1914 ఫిబ్రవరి 2న విడుదలైంది. పొడుగు టోపీ, వేలాడే మీసం, ఒంటికంటి అద్దం పెట్టుకున్న మోసగాడిని చూసి మా పిల్లలు ‘ఈయన చాప్లిన్ కాదు’ అంటారు. ఆయనే. దర్శకుడు హెన్రీ లేర్‌మన్, ఆయనా ఆస్ట్రియా నుంచి వలస వచ్చినవాడే. కంపెనీ యజమాని మాక్ సెనెట్ కెనడా నుంచి వచ్చినవాడు. ఆ కంపెనీలో ఎవరికీ ఒక క్షణం నిలబడే ఓపిక లేదు. ప్రతిదీ పరుగుతో మొదలై తరుముకోవడంతో ముగియాలి. చాప్లిన్ జాగ్రత్తగా కట్టుకున్న హాస్యాన్ని లేర్‌మన్ ఎడిటింగులో తుంచేశాడు. ఈ సినిమా చూస్తుంటే కొన్నిచోట్ల చాప్లిన్ ఏదో మొదలుపెట్టడం, అది తేలకముందే షాటు మారిపోవడం గమనిస్తారు. నాటకాల నుంచి వచ్చినవాళ్లకు అది ఒంటికి గుచ్చుకుంటుంది.

అప్పుడాయన ఒక ఉపాయం పట్టాడు. ఫ్రేములోకి వచ్చేటప్పుడూ, ఫ్రేము వదిలిపోయేటప్పుడూ హాస్యం చేయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఉన్నది కోసేయొచ్చు. మనిషి రావడాన్నీ పోవడాన్నీ కోస్తే కథ అర్థం కాదు, కాబట్టి ఎడిటరు చెయ్యి ఆగుతుంది. నోటు పుస్తకంలో రెండు గడులు గీయించింది ఇందుకే. కీస్టోన్ సినిమాలు ఏవి చూసినా ఆ గడులు ఎంత త్వరగా నిండుతాయో మీరే చూస్తారు. ఒంటికాలి మీద మలుపు తిరగడం, పోతూ పోతూ టోపీ ఎగరేయడం, తలుపుకు క్షమాపణ చెప్పడం, అన్నీ అక్కడే పోగుపడి ఉంటాయి.

వెంటనే ‘కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్’ చూడండి. ఏడు నిమిషాలే. కాలిఫోర్నియాలోని వెనిస్‌లో నిజంగా జరుగుతున్న పిల్లల బండ్ల పందెం దగ్గర తీశారు. పందెం చిత్రీకరిస్తున్న కెమెరాకు అడ్డం వచ్చే దేశదిమ్మరి, అతన్ని తోసేసే దర్శకుడు. తోసేది లేర్‌మనే. ఇద్దరికీ అసలు పడని కాలంలో తీసిన ఈ సినిమాలో ఆ తోపులు ఎంత నటనో, ఎంత నిజమో నేను చెప్పలేను గానీ చూడటానికి భలే ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు చాప్లిన్‌ను వదిలేసి వెనకాల జనాన్ని చూడండి. మొదట ఎవడీ వెర్రివాడు అన్నట్టు చూస్తారు. కాసేపటికి ఒక మూల నుంచి నవ్వు మొదలవుతుంది. ఆ టోపీనీ ఆ కర్రనూ లోకంలో మొదటిసారి చూసిన మామూలు జనం వాళ్లు.

ఆ వేషం తొడిగి తీసిన మొదటి సినిమా ఇది కాదు, కీస్టోన్ నటి మేబెల్ నార్మండ్‌తో చేసిన ‘మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్’. అది ఫిబ్రవరి 9న, ఇది 7న వచ్చాయి. క్విజ్ పోటీల్లో ఈ రెండు రోజుల తేడా మీద గొడవలు జరుగుతుంటాయి. మనకది అనవసరం.

ఆ సాయంత్రమే ‘కాట్ ఇన్ ద రెయిన్’ కూడా చూసేయండి. దాని వెనక కథ ఇది. మేబెల్ దర్శకత్వంలో ఒక సినిమా చేస్తూ, నీళ్ల గొట్టాన్ని తొక్కి నిలబడి నీళ్లు ఎందుకు రావడం లేదని లోపలికి చూసే చిన్న హాస్యం పెడదామన్నాడు. టైము లేదంది. ఆయన వెళ్లి రోడ్డు పక్కన కూర్చుని పని చేయనన్నాడు. అందరూ ఇక్కడ చాప్లిన్ పక్షం వహిస్తారు. నేను మేబెల్ పక్షం. ఆ గొట్టం హాస్యం 1895లోనే సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరులు తీసి పారేసిన పాత సరుకు. ఏదేమైనా ఆయన ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది. సరిగ్గా అప్పుడే చాప్లిన్ సినిమాలు ఇంకా పంపండని న్యూయార్క్ నుంచి కబురు రావడంతో సెనెట్ మెత్తబడ్డాడు. చాప్లిన్ అదను చూసి, నా సినిమాకు నేనే దర్శకత్వం చేస్తాను, అది విడుదలకు పనికిరాకపోతే నా దాపుడు సొమ్ము 1,500 డాలర్లు మీవి అన్నాడు. 1914 మే 4న విడుదలైన ఈ సినిమా గొప్పదేమీ కాదు. కానీ తాగి మెట్లెక్కే చోట షాటు ఎంతసేపు నిలిచిందో చూడండి. లేర్‌మన్ అయితే మూడు ముక్కలు చేసేవాడు.

అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ‘ద న్యూ జానిటర్’ కూడా ఉంది. ఉద్యోగం ఊడిన పనివాడు ఇంట్లో పిల్లలున్నారని సైగలతో బతిమాలతాడు. ఈ రిహార్సల్ చూస్తూ పక్కన నిలబడ్డ ఒక పెద్ద వయసు నటి కంటతడి పెట్టుకుందని ఆయన రాశాడు. ఆ ముక్క రెండుసార్లు చూస్తే చాలు.

రెండో సాయంత్రం: త్వరగా గడిచేది

1915లో ఎస్సానే కంపెనీకి మారాడు. జీతం వారానికి 1,250 డాలర్లు. ఇక్కడ రెండే చూడండి. ‘ద ట్రాంప్’ చివర్లో అతను మనకు వీపు చూపిస్తూ మట్టిదారిన కుంగిపోయి నడుస్తాడు. హఠాత్తుగా ఒళ్లు విదిలించుకుని చకచకా సాగిపోతాడు. మీ ‘పోక’ గడిలో దీన్ని కాస్త పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఎడిటరుకు భయపడి కనిపెట్టిన నిష్క్రమణ ఇక్కడ కథకు ముగింపుగా మారింది.

రెండోది ‘ఎ నైట్ ఇన్ ద షో’. కార్నో దగ్గర ఆడిన ఆ తాగుబోతు ప్రహసనమే. బాక్సులో పెద్దమనిషి, గ్యాలరీలో అలగా మనిషి, రెండు వేషాలూ ఆయనవే. నాటకం నుంచి సినిమాకు ఏం వచ్చిందో, ఏం పోయిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా లేదు. నా అభిప్రాయంలో పోయింది ఎక్కువ. కెమెరా ఒక్కో మనిషి దగ్గరకు వెళ్లేసరికి హాలు మొత్తం ఒకేసారి కకావికలయ్యే వినోదం తగ్గింది.

మూడో సాయంత్రం: వస్తువులు

1916 ఫిబ్రవరిలో మ్యూచువల్ కంపెనీ వారానికి 10,000 డాలర్లకు ఆయన్ను తీసుకుంది. అప్పటికి 26 ఏళ్లు. ఇక ఎవరూ తొందరపెట్టరు.

‘వన్ ఏ.ఎం.’లో మొదట్లో కాసేపు కనిపించే టాక్సీవాడు తప్ప మరో మనిషి లేడు. తాగి ఇంటికొచ్చినవాడు బల్లతో, మెట్లతో, గడియారం లోలకంతో, గోడలోకి మడుచుకునే మంచంతో పోరాడతాడు. కొందరికి విసుగొస్తుంది, ఫరవాలేదు. మా పిల్లలకు ఇది చూపించాక ఒక కుర్చీ, ఒక గొడుగు ఇచ్చి మూడు నిమిషాలు వేదిక మీద వదిలేస్తాను. మాట్లాడకూడదు, ముఖం వంకర పెట్టకూడదు. కుర్చీ తన మాట వినడం లేదని నమ్మాలి. ఎక్కువమంది తామే కుర్చీని తంతారు. ముందు కుర్చీ మనల్ని కొట్టాలి.

‘ద పాన్ షాప్’లో గడియారం ఘట్టం వచ్చేసరికి వీడియో ఆపి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ పెట్టండి. తాకట్టు కొట్టుకు ఒకడు అలారం గడియారం తెస్తాడు. చాప్లిన్ దానికి స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు వింటాడు. వేళ్లతో తట్టి చూస్తాడు. డబ్బా మూత తీసే పరికరంతో వెనక రేకు కోసి, చెడిపోయిన చేపల డబ్బాను చూసినట్టు వాసన చూస్తాడు. స్ప్రింగును బట్టల కొట్టు గుమాస్తాలా మూరలు కొలుస్తాడు. బల్ల మీద పురుగుల్లా కదులుతున్న ముక్కల మీద నూనె చుక్కలు వేస్తాడు. చివరికి అంతా ఊడ్చి ఆ మనిషి టోపీలో పోసి, ఇది తీసుకోం అన్నట్టు తల ఊపుతాడు. ఈ చేష్టల్లో ఒక్కటీ హాస్యంగా చేయడు. వైద్యుడు వైద్యుడిలాగే, గుమాస్తా గుమాస్తాలాగే ఉంటారు. ఎదుటివాడు ఆల్బర్ట్ ఆస్టిన్, ఇంగ్లండువాడే, కార్నో కంపెనీ మనిషే. కనురెప్ప వేయకుండా నిలబడటం అతని వంతు. రెండోసారి అతన్నే చూడండి. ఆ మొహం లేకపోతే ఘట్టంలో సగం పోయేది.

చివరి సాయంత్రం: వెనక సగం ముందు

‘ద ఇమిగ్రెంట్’ను రెండో సగం నుంచి మొదలుపెట్టండి. తప్పుగా రాయలేదు. హోటలు ముందు వీధిలో అతనికి నాణెం దొరికే చోటు నుంచి చివరిదాకా చూసి, ఆ తర్వాత మొదటికి వెళ్లి ఓడ భాగం చూడండి. చాప్లిన్ తీసిన వరుస అదే. చేతిలో స్క్రిప్టు లేకుండా, కెమెరా నడుస్తుండగానే రిహార్సల్ చేసేవాడు. కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ అనే ఇద్దరు 1983లో, అలా తీసి సినిమాలో వాడకుండా పారేసిన రీళ్లను వెలికి తీసి డాక్యుమెంటరీగా చూపించారు. మొదట అనుకున్నది హోటల్లో డబ్బులేని మనిషి కథ మాత్రమే. ఎందుకు డబ్బు లేదు? అప్పుడే ఓడ దిగాడు గనక. ఆ జవాబు తట్టాకే ఓడ వచ్చింది.

హోటలు భాగాన్ని నాణెం వెంట చూడండి. దొరికింది, జేబులో వేశాడు, చిరిగిన జేబులోంచి జారింది. లోపల చిక్కుడు గింజలు తెప్పించుకున్నాడు. పది సెంట్లు తక్కువ పడ్డ మరో మనిషిని వెయిటర్లు చితకబాదడం చూశాక జేబు తడుముకున్నాడు. అదే నాణెం దొరికిన ఇంకొకడు వచ్చి వెయిటరుకు ఇస్తే, వెయిటరు జేబుకూ చిల్లే. నేల మీద పడ్డ దాన్ని కాలితో దగ్గరకు లాగి, ఎంతో ధీమాగా వెయిటరు చేతిలో పెడితే, ఆ వెయిటరు పళ్లతో కొరికి చూస్తాడు, వంగిపోతుంది. చెల్లని నాణెం. ఇంత బరువు ఒక చిన్న బిళ్ల మీద నిలబెట్టడం దర్శకుడి పని. ఆ వెయిటరు పాత్ర మొదట హెన్రీ బెర్గ్‌మన్ చేశాడు. చాలాభాగం తీశాక ఆయన్ను తప్పించి భారీ మనిషి ఎరిక్ క్యాంప్‌బెల్‌ను పెట్టాడు. లావుపాటి మంచి మనిషి బిల్లు అడిగితే భయం పుట్టదు. భయం లేకపోతే నాణేనికి విలువ లేదు. బెర్గ్‌మన్‌ను వదులుకోకుండా చిత్రకారుడి పాత్ర ఇచ్చాడు. చివరికి ఆ చిత్రకారుడు వదిలిన చిల్లరతోనే చార్లీ తన బిల్లు కట్టేస్తాడు.

ఇప్పుడు ఓడ. మొదటగా కనిపించేది వీపు. కమ్మీల మీద వంగి, భుజాలు కుదుపుతూ, కాళ్లు కొట్టుకుంటున్నాడు. సముద్రప్రయాణం పడక కక్కుతున్నాడని అనుకుంటాం, చుట్టూ ఉన్నవాళ్ల పరిస్థితి అదే. ఇటు తిరుగుతాడు, చేతిలో గాలానికి చేప. ‘రాక’ గడిలో రాసుకోవడానికి ఇంతకంటే మంచిది దొరకదు. భోజనశాలలో ఓడ ఊగినప్పుడల్లా పళ్లెం ఈ మనిషి ముందు నుంచి ఆ మనిషి ముందుకు జారుతుంది. ఇద్దరూ వంతులవారీగా తింటారు. ఆపై స్వేచ్ఛాదేశంలో అడుగుపెట్టామని తెర మీద అక్షరాలు వస్తాయి, అందరూ స్వేచ్ఛా విగ్రహం వైపు చూస్తారు, మరుక్షణం అధికారులు తాడు కట్టి వాళ్లను పశువుల మందలా వెనక్కి నెడతారు. చార్లీ ఒక అధికారి వెనక భాగాన తన్నుతాడు.

ఇది చాప్లిన్ సొంత కథ అని చాలామంది రాస్తారు. కాదు. ఆయన కంపెనీ టికెట్టు మీద, ఉద్యోగంతో, నేస్తాలతో క్వీబెక్‌లో దిగాడు. ఆకలి సంగతి లండన్‌లో తెలుసుకున్నాడు, ఓడ సంగతి పక్కవాళ్లను చూసి తెలుసుకున్నాడు. రెండూ ఒకచోట కుట్టాడు. ఇక ఆయన అమెరికా పౌరసత్వం ఎన్నడూ తీసుకోలేదు. 1952లో ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాక తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దు చేసింది. మళ్లీ 1972లోనే, ఆస్కార్ గౌరవ పురస్కారం కోసం ఆ దేశంలో కాలు పెట్టాడు. పిల్లలకు ఈ మాట సినిమా అయ్యాక చెప్పండి, ముందు వద్దు.

ఇంత చూశాక మీ నోటు పుస్తకంలో ‘రాక’, ‘పోక’ గడులు మొదటి సాయంత్రం కిక్కిరిసి, చివరి సాయంత్రానికి పలచబడి ఉంటాయి. కత్తెర తన చేతికి వచ్చాక మధ్యలో నిలబడటానికి ఆయనకు భయం పోయింది. పలచబడకపోతే మీరు సరిగా రాయలేదని కాదు, కాపీలో ఎవరో మధ్య భాగం కోసేశారేమో చూసుకోండి. అలాంటి కాపీలు బోలెడు.

‘ద కిడ్’ను ఈ వరుసలో కలపకండి. 1921 నాటి ఆరు రీళ్ల సినిమా అది, దానికి వేరే సాయంత్రం కావాలి. ఇంకా ఓపిక మిగిలితే దానికి ముందు 1917 జనవరి నాటి ‘ఈజీ స్ట్రీట్’ చూడండి. ఎరిక్ క్యాంప్‌బెల్ వీధిదీపం స్తంభాన్ని వంచేస్తే, చార్లీ అతని తలను ఆ దీపంలో దూర్చి గ్యాస్ వదులుతాడు. పిల్లలు మళ్లీ పెట్టమని అడుగుతారు. పెట్టండి.